చక్రము పెరిగిన ముల్లు నిజము చెప్పునా?

బేగంపేటలో మా వీధి చివర నుండు యువకుడొకడు ఇటీవల తన చిన్న కారునకు పెద్ద చక్రములు అమర్చించినాడు. కారు కొంచెము ఎత్తెక్కినది. చూచుటకు ఠీవిగనే ఉన్నది. నెల తిరుగకుండ అతడు నావద్దకు వచ్చి రెండు వింతలు చెప్పినాడు. పెట్రోలు లీటరుకు వచ్చు కిలోమీటర్లు తగ్గినవట. హనుమకొండ దగ్గరి వారి ఊరికి పోవునపుడు మీటరుపై ఎప్పుడును 150 కిలోమీటర్లు పడునది, ఈసారి 144 మాత్రమే పడినదట. "ఇంజను చెడినదనుకొంటిని. మరి ఊరెట్లు దగ్గరైనది, బాబాయిగారూ?" అని అతని ప్రశ్న.

ఊరు దగ్గర కాలేదు, ఇంజను చెడలేదు. ఈ రెండు వింతలకును మూలమొక్కటే.

కారులోని మీటరు రోడ్డును చూడదు. అది చక్రము ఎన్నిమారులు తిరిగినదో లెక్కించి, ఒక్కొక్క చుట్టునకు ఇంత దూరమని తయారుచేసినవారు నేర్పిన పాఠమును అప్పగించును. ఇది చాల పాత ఉపాయము. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దికి చెందిన రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ ఒక దూరమానపు బండిని వర్ణించినాడు. దాని చక్రము 400 మారులు తిరిగినప్పుడెల్ల ఒక గులకరాయి పెట్టెలో పడును. అది ఒక రోమను మైలు. ప్రయాణాంతమున రాళ్లు లెక్కించుకొనుటయే. ఆ బండికి పెద్ద చక్రము వేసిన రాళ్లు తక్కువ పడును. మా వీధి యువకుని విషయములో జరిగినదియు అదియే.

వేగము చూపు ముల్లు సంగతియు ఇట్టిదే. 1902లో జర్మను ఇంజనీరు ఓట్టో షుల్జె పేటెంటు పొందిన పద్ధతిలో, గేరుపెట్టెనుండి వచ్చు తీగ ఒక అయస్కాంతమును త్రిప్పును. దానిని కప్పియున్న లోహపు గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టి, ఆ గిన్నెను తమతో లాగును. సన్నని స్ప్రింగు వెనుకకు పట్టియుంచును. ఈ లాగులాటలో గిన్నె ఎంత తిరిగిన ముల్లంత తిరుగును. నేటి కార్లలో ఆ తీగ పోయి, చుట్లను లెక్కించు సెన్సరు వచ్చినది. అయినను లెక్కించునది చుట్లనే. 2008 మార్చివరకు మా బేగంపేట విమానాశ్రయములో దిగిన ప్రయాణికుల విమానములకు ఈ చిక్కు లేదు. విమానము ఎదురుగాలి ఒత్తిడిని ఒక సన్నని గొట్టముతో పట్టి తన వేగము తెలిసికొనును. దాని చక్రము ఎంతదైనను ముల్లునకు పట్టదు.

ఇక లెక్క. శ్రోతలు కాగితము, పెన్సిలు దగ్గర నుంచుకొన్న మేలు. టైరు ప్రక్కన 165/80 ఆర్ 14 అని ఉన్నదనుకొందము. 165 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 80 పాళ్లు, అనగా 132 మిల్లీమీటర్లు. 14 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో, అది 355.6 మిల్లీమీటర్లు. రిమ్మునకు పైన ఒక ప్రక్కగోడ, క్రింద ఒకటి కలిపిన మొత్తము ఎత్తు 619.6 మిల్లీమీటర్లు. ఇట్టి చక్రము కిలోమీటరు పోవుటకు సుమారు 514 మారులు తిరుగవలెను. ఒకే టైరు గుర్తులో మిల్లీమీటర్లును అంగుళములును ఎందుకు కాపురము చేయుచున్నవో గాని, వాడుక అట్లు స్థిరపడినది.

మన యువకుడు రిమ్మును 15 అంగుళములకు పెంచి, టైరు వెడల్పును, ప్రక్కగోడను యథాతథముగ ఉంచినాడు. ఎత్తు 645 మిల్లీమీటర్లైనది. నూటికి 4 పాళ్లు హెచ్చు. కిలోమీటరునకు 494 చుట్లు చాలును. మీటరు మాత్రము పాత పాఠమునే చదువుచు ఆ కిలోమీటరును 961 మీటర్లని వ్రాసికొనును. కనుకనే 150 కిలోమీటర్లు 144 అయినవి. పెట్రోలు లెక్కయు అదే పాలున తగ్గినట్లు కనబడినది.

రిమ్ము పెంచుటయే తప్పని నేననను. ప్రక్కగోడను తగ్గించిన లెక్క సరిపోవును. మారుతి స్విఫ్టు కారు 165/80 ఆర్ 14 తోను వచ్చినది, 185/65 ఆర్ 15 తోను వచ్చినది. రెండవదాని ఎత్తు 621.5 మిల్లీమీటర్లు, తేడా రెండు మిల్లీమీటర్లకు లోపే. దుకాణములో రిమ్ము అందమును మాత్రము చూచి, ఈ కూడికను మరచుటలోనే చిక్కున్నది. అరిగిన టైరు దీనికి వ్యతిరేకముగ పనిచేయును: ఆరేడు మిల్లీమీటర్ల రబ్బరు అరిగిన వ్యాసము నూటికి రెండు పాళ్లు తగ్గి, ముల్లు ఉన్నదానికంటె హెచ్చు వేగము చూపును. దానివలన మీటరునకు వచ్చు ముప్పు లేదు. ముప్పెల్ల తడి రోడ్డుపై జారుటలోనున్నది.

పెద్ద చక్రము కల్పించు భ్రమ అట్టిది కాదు. ముల్లు 80 వద్ద నిలిచియుండగా ఆ కారు 83 మీద పోవుచుండును. మూడేగదా యనవచ్చును. కాని వేగము నూటికి 4 పాళ్లు పెరిగిన, బ్రేకు అణచవలసిన శక్తి 8 పాళ్లకు పైగా పెరుగును. ఇంకను ముందుకు పోయి 205/65 ఆర్ 16 తొడిగించిన, 80 అని చూపునపుడు అసలు వేగము 87. శక్తి 18 పాళ్లు హెచ్చు. ముల్లు అసలు వేగముకంటె తక్కువ చూపరాదని ఐక్యరాజ్యసమితి యూరపు ఆర్థిక సంఘపు నియమము కూడ శాసించుచున్నది. కొంత హెచ్చు చూపిన క్షమించును. అందుకే తయారీదారులు ముల్లును కొంచెము హెచ్చువైపు అమర్చుదురు. ఆ కొద్దిపాటి జాగ్రత్తను పెద్ద చక్రము మ్రింగివేయును, నడుపువానికి తెలియదు. తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. భీమా కంపెనీతో మాటాడునాడు అది గుర్తునకు వచ్చుటకంటె ముందే వచ్చుట మేలు.

అనుమానమున్నవారు తామే పరీక్షించుకొనవచ్చును. బేగంపేట రోడ్డుపై వేగమును నిలకడగ ఉంచుట అసాధ్యము. రద్దీ లేని వేళ ఔటరు రింగు రోడ్డునకు పోవలెను. ముల్లును 60 వద్ద నిలిపి, ఒక కిలోమీటరు గుర్తునుండి మరియొక గుర్తువరకు పట్టిన కాలమును ప్రక్కన కూర్చున్నవారు గడియారముతో చూడవలెను, నడుపువారు చూడరాదు. సరిగా 60 సెకన్లు పట్టిన ముల్లు నిజము చెప్పుచున్నది. తక్కువ పట్టిన, 3600ను ఆ సెకన్లతో భాగించిన అసలు వేగము వచ్చును. నాలుగైదుమారులు చూచి సగటు కట్టుకొనవలెను. ఉపగ్రహముల సాయమున సెల్‌ఫోను చూపు వేగముతోను, తిన్నని రోడ్డుపై, పోల్చుకొనవచ్చును.

మా వీధి యువకుడు మొన్న ఆదివారము ఈ పరీక్ష చేసినాడు. గడియారము నాచేతనే ఉన్నది. నాలుగుమారులు 58 సెకన్లు, ఒకమారు 57. తిరిగి వచ్చునపుడు ముల్లును అతడు 55 దాటనీయలేదు. పాత చక్రములు నాలుగును వారి మేడమీదనే ఉన్నవట.