నిత్యజీవితంలో క్రైస్తవ విశ్వాసం

(పాఠశాల ప్లాటినం ఉత్సవాలలో తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కన్నడ నేల మీద ఒక తెలుగు పాఠశాల 75 సంవత్సరాలు నిలిచిందంటే దాని వెనుక ఎందరి త్యాగం ఉన్నదో ఈ సభలోని వారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఈ శుభసమయంలో నన్ను నా విశ్వాసాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. ఈ సభలో అన్ని మతాలవారూ ఉన్నారు. నేను మతబోధ చేయడానికి నిలబడలేదు. ఆదివారంనాడు ఆరాధనలో విన్న మాట సోమవారంనాడు ఇంట్లో, బడిలో, కచేరీలో ఏమవుతున్నది అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెన్నాడుతున్నది. దానినే మీ ముందుంచుతాను.

మొదట నా తప్పునే చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, మరొక ఊళ్ళో నేను పనిచేస్తున్నప్పటి మాట. విహారయాత్ర కోసం పిల్లల దగ్గర వసూలు చేసిన సొమ్ములో అరవై రూపాయలు కనబడలేదు. మధ్యాహ్నం భోజనం వేళ తరగతిలో ఒంటరిగా ఉన్న ఒక బాలుణ్ణి నేను అనుమానించాను. అతని తండ్రి ఇళ్ళ కట్టుబడి పనికి పోయే కూలీ. ఆ పిల్లవాడు పేదవాడు కావడమే నా అనుమానానికి బలమిచ్చిందని ఈనాడు ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. నలభైమంది పిల్లల ముందు అతని సంచి వెదికించాను. సొమ్ము దొరకలేదు. అయినా అతణ్ణి దొంగ అన్నాను. మరునాటి నుండి అతడు బడికి రాలేదు.

నాలుగవ రోజున హాజరుపట్టీ అట్టకు, కాగితానికి మధ్య ఆ అరవై రూపాయలు దొరికాయి. అక్కడ పెట్టినవాణ్ణి నేనే. ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. తండ్రి నన్ను మంచంమీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అంతా విని నెమ్మదిగా ఇలా అన్నాడు: “అయ్యవారూ, మీరు మా ఇంటిదాకా వచ్చినారు, అదే గొప్ప. కానీ నా కొడుకును మీరు దొంగ అన్నది ఈ ఇంట్లో కాదు గదా!”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ వచ్చిన ఆదివారం మా దేవాలయంలో ప్రభువు బల్ల ఆచరణ. మత్తయి సువార్త ఐదవ అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన సంగతి చాలామందికి తెలుసు. కానుక అర్పించడానికి వచ్చినవానికి, తన సహోదరుని మనసులో తనపై ఏదైనా బాధ ఉన్నదని అక్కడ గుర్తుకు వస్తే, కానుకను అక్కడే విడిచి ముందు పోయి సమాధానపడాలని ఆయన బోధించాడు. ఆ వాక్యభాగాన్ని నేను పిల్లల చేత ఎన్నోసార్లు వల్లె వేయించినవాణ్ణే. ఆనాడు మాత్రం బల్ల దగ్గరకు నా కాళ్ళు సాగలేదు. సోమవారం ఆ బాలుణ్ణి పిలిపించి, అదే తరగతిలో, అదే నలభైమంది ముందు, తప్పు నాదని, అతడు నిర్దోషి అని చెప్పాను. నా గొంతు వణికింది. ఉపాధ్యాయుని గౌరవం ఇక మిగలదని భయపడ్డాను.

అతడు తన బల్లమీద తాను కూర్చున్నాడు. అయితే ఆ సంవత్సరమంతా నాతో మునుపటిలా మాట్లాడలేదు. క్షమాపణ అడగడం నా బాధ్యత. వెంటనే మరచిపోవడం అతని బాధ్యత కాదు. లూకా సువార్తలోని జక్కయ్యను చూడండి. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని అతడు అందరి ఎదుట మాట ఇచ్చాడు. మారుమనస్సు అంటే కన్నీరు మాత్రమే కాదని, పోగొట్టిన దానిని పోయిన చోటనే తిరిగి నిలబెట్టడమని నాకు నేర్పినవాడు చదువురాని ఆ కూలీ.

విశ్వాసం పనిలో కనబడాలన్నదానికి మన తెలుగునాటి చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. 1866లో ఒంగోలు చేరిన జాన్ ఎవరెట్ క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో భూమి కొలతల పని చేసినవాడు. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని మహా కరువు పీడించినప్పుడు, ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని గుత్తకు తీసుకుని వేలాదిమందికి కూలి దొరికేటట్లు చేశాడు. తెలుగు బోధకులే పనిమీద పెద్దలుగా నిలబడ్డారు. కరువు కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారు ఎందరో ఉన్నా ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, ఆకలిగొన్నవాని ఆకలిని మతానికి ఎరగా వాడరాదని ఆయన పట్టుదల. కరువు సాయం పని ముగిసిన తరువాతనే, 1878 జులై 3వ తేదీన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం తరచు గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం దానికి ముందు నెలల తరబడి ఆయన చెప్పిన “ఇప్పుడు కాదు” అన్న జవాబే ఎక్కువ గొప్పగా కనబడుతుంది.

ఆ కాలువ పనిలోని కూలి సంగతి మనకూ వర్తిస్తుంది. కూలివాని కూలి ఆనాటి పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తుంది. ఈ బెంగుళూరు నగరంలో లేచిన మేడలలో తెలుగు కూలీల చెమట ఎంతో ఉన్నది. మన ఇంట్లో పాత్రలు కడిగే అమ్మకు జీతం ఏ తేదీన ఇస్తున్నాం? ఆమెకు జ్వరం వచ్చిన రోజుల జీతం కోస్తున్నామా? మన భక్తిని కొలవడానికి ఈ ప్రశ్నలు చాలు.

ఇక మనుష్యుల మధ్య సంబంధాలు. బెంగుళూరులో ఐక్య వేదాంత కళాశాల స్థాపించబడిన 1910వ సంవత్సరంలోనే ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ వి. ఎస్. అజరయ్య అనే యువకుడు నిలబడి, పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని ఎంతో మెచ్చుకుంటూనే, మీరు మాకు అన్నీ ఇచ్చారు గాని స్నేహం ఇవ్వలేదన్న అర్థం వచ్చేటట్లు నిర్భయంగా మాట్లాడాడు. తిరునల్వేలి సీమలో పుట్టిన ఆ తమిళుడు తెలుగు నేర్చి, మన తెలుగు పల్లెలలో సేవచేసి, 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయులలో మొదటి బిషప్పు ఆయనే. దానం చేయడం సులభం, సమానునిగా ప్రక్కన కూర్చోబెట్టుకోవడం కష్టం అన్నదే ఆయన ఆ సభకు గుర్తుచేసిన సత్యం.

ఆ మాట దొరలకే అనుకుంటే పొరపాటు. వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువ క్రైస్తవ కుటుంబంలో జన్మించీ కులవివక్షను అనుభవించాడు. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో దేవుని గుడిలోకి ప్రవేశం లేని మనిషి తన బాధను ఒక గబ్బిలానికి చెప్పుకుంటాడు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. ఆ కావ్యాన్ని మెచ్చుకునే మన సంఘాలలో ఈనాటికీ ఒకే గిన్నెలోని ద్రాక్షారసం పుచ్చుకుని, పెళ్ళి సంబంధం దగ్గరకు వచ్చేసరికి కులం అడిగేవారు లేరా? ఈ ప్రశ్నకు నా ఇంట్లోనూ జవాబు చెప్పుకోవలసి ఉన్నది.

పొరుగువాడెవరన్న ప్రశ్నకు ప్రభువు చెప్పిన కథలో గాయపడినవాణ్ణి ఆదుకున్నది సొంత జాతివాడు కాదు, అందరూ దూరం పెట్టిన సమరయుడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అంగడిలో తమిళం, ఉర్దూ వినిపించే ఈ నగరంలో ఆ కథకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. 1991 డిసెంబరులో కావేరి జలాల వివాదంలో తమిళ కుటుంబాల మీద దాడులు జరిగిన రోజులు ఇక్కడి పెద్దలకు జ్ఞాపకమే. అటువంటి వేళ ప్రక్కింటి తలుపు తట్టి “మా ఇంటికి రండి” అనగలిగితే, అదే ఆ కథకు అర్థం చెప్పడం.

చివరిగా కుటుంబం. ఎఫెసీ పత్రికలో భార్యలు లోబడాలన్న మాటను కంఠస్థం చేసిన భర్తలు చాలామంది ఉన్నారు. దాని వెంటనే, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అర్పించుకున్నట్లు భర్త భార్యను ప్రేమించాలన్న మాట ఉన్నదని తక్కువమంది గుర్తుంచుకుంటారు. పిల్లల మనసు క్రుంగిపోయేలా వారిని విసిగించవద్దని కొలొస్సీ పత్రిక తండ్రులను హెచ్చరిస్తుంది. పక్కింటి పిల్లవాని మార్కులతో మన బిడ్డను పోల్చేటప్పుడు, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలను అందుకే చులకన చేసేటప్పుడు మనం చేస్తున్న పని అదే. నేను నలభైమంది ముందు చేసినది భోజనం వేళ ఇంట్లో నలుగురి ముందు చేసినా, ఆ గాయం అంతే.

మిత్రులారా! ఈ పాఠశాల నుండి వెళ్ళినవారిలో అధికారులున్నారు, వ్యాపారులున్నారు, ఉపాధ్యాయులున్నారు. పాత బల్లలను చూసుకోవడానికి మీరు ఈరోజు వచ్చారు. ఆ బల్లల మీద మీ ప్రక్కన కూర్చుని, తరువాత ఏ కారణం చేతనో మీతో మాటలు మానివేసిన మిత్రుడు ఒకడైనా ఉండవచ్చు. అతడు ఈ ఆవరణలోనే ఉండవచ్చు. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, భోజనాలకు లేవకముందు అతని దగ్గరకు వెళ్ళండి. తప్పు మీదైతే దానిని పేరుపెట్టి ఒప్పుకోండి. అతనిదైతే, మొదటి పలకరింపు మీదే కానివ్వండి.

ఈ పాఠశాల ఇంకా ఎన్నో తరాల తెలుగు బిడ్డలకు అక్షరంతోపాటు ఆత్మగౌరవాన్ని కూడ అందించాలని దేవుణ్ణి ప్రార్థిస్తున్నాను.