నాట్ల చేతికి పరిహారం ఎవరివ్వాలి?
(గుడివాడ సభలో చేసిన ప్రసంగం)



నాట్లకు దిగిన మనిషి పొద్దస్తమానం నడుం వంచి నారు గుచ్చుతుంది. వరి కోతలయ్యాక మినుము పీకేదీ ఆ చేతులే. దివిసీమలో నలభై దాటిన ఆడకూలీలను అడగండి, మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిరి అంటారు. పెడనలో కలంకారీ అచ్చు గుద్దేవాళ్లదీ, బందరు రోల్డుగోల్డు పనివాళ్లదీ అదే బాధ.

1923 పరిహార చట్టం వ్యవసాయ కూలీకీ వర్తిస్తుంది. ఇప్పుడది 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. అందులో మూడో షెడ్యూలు వృత్తి జబ్బుల జాబితా. ఆర్గనోఫాస్ఫరస్ పురుగుమందుల విషం అందులో ఉంది, పనిలో అరిగిన మణికట్టు లేదు. జాబితాలో లేని జబ్బయితే ఫలానా ప్రమాదం వల్లే వచ్చిందని చూపాలి. ఇరవై ఏళ్ల నాట్లలో ఆమె ఏ తేదీ చూపిస్తుంది? అంతర్జాతీయ కార్మిక సంస్థ మణికట్టు నరం నొక్కుకుపోయే జబ్బును 2010లోనే తన జాబితాలో పెట్టింది. నోటీసిచ్చి మన జాబితాలో చేర్చే అధికారం ప్రభుత్వాలకు ఉంది.

వెనక గొణుగుతున్నారు, వినబడుతోంది. పరిహారం కట్టాల్సింది యజమాని, అంటే రెండెకరాల కౌలుదారేనా అని. న్యాయమైన భయమే. ఆమె ఈ వారం నా చేలో, వచ్చే వారం మీ చేలో దిగుతుంది. చెయ్యి ఎవరి మడిలో చెడిందో తేల్చేదెవరు? అందుకే జబ్బును జాబితాలో చేర్చమనీ, సొమ్ము ప్రభుత్వ నిధి నుంచి ఇవ్వమనీ కలిపే అడగాలి.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు చీటీ మీద చేసే పని కూడా రాయించండి. ఆ చీటీల నకళ్లతో సోమవారం బందరు కలెక్టరేటులో అర్జీ పెడదాం.