మనిషితో పాటు మందుల చీటీ కూడా విడుదల కావాలి

(యానాంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ఉద్యోగ జీవితమంతా దస్త్రాల నడుమ గడిపినవారము. ఒక కాగితం చేరవలసిన చోటికి చేరకపోతే మనిషి బతుకు ఎలా ఆగిపోతుందో ఎరుగుదుము. మత్తుకు బానిసలై జైలు పాలైన బిడ్డల విషయంలో ఆ ఆలస్యం ప్రాణాంతకం.

మేమెరిగిన ఒక యువకునికి జైలులో కొన్ని నెలలు చికిత్స జరిగింది. విడుదలనాడు బట్టల మూట చేతికిచ్చారు గాని, మందుల చీటీ ఇవ్వలేదు. "ఏ మందు? ఎంత మోతాదు?" అని వైద్యుడు అడిగితే ఆ తల్లి వద్ద జవాబు లేదు. వారం తిరగకముందే అతడు మళ్లీ పాత స్నేహితుల మధ్య ఉన్నాడు.

జైలులో మత్తు మానిన దేహం పాత మోతాదును తట్టుకోలేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ఖైదీలపై 2007లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, తొలి 2 వారాలలో మత్తు మోతాదు మించి మరణించే ముప్పు సాధారణ ప్రజలకంటే 129 రెట్లు ఎక్కువ.

మన యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్; పాలన మాత్రం పుదుచ్చేరిది. కేంద్ర కారాగారం వందల కిలోమీటర్ల దూరాన కాలాపేటలో ఉంటే, పెద్దాసుపత్రి పక్కనున్న కాకినాడలో ఉంది. రెండు ప్రభుత్వాల నడుమ మన బిడ్డ చీటీ దారి తప్పరాదు.

"ఆ వివరాలు పోలీసులకు, పెళ్లి సంబంధాల వారికి తెలిస్తే?" అని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులనూ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన పరిధిలో చేర్చింది. దాని 23వ సెక్షన్ రోగి గోప్యతను హక్కుగా గుర్తించి, చికిత్స నిమిత్తం ఇతర మానసిక వైద్య నిపుణులకు అవసరమైన వివరాలు అందించడానికి వీలు కల్పించింది. 25వ సెక్షన్ తన వైద్య రికార్డులను పొందే హక్కును రోగికిచ్చింది. కనుక దాచవలసింది లోకం నుండి, వైద్యుని నుండి కాదు.

మా విన్నపాలు మూడు. విడుదలకు ముందే చికిత్స సారాంశం కోసం ఖైదీ చేత లిఖితపూర్వకంగా అడిగించండి. ఏ వైద్యునికి, ఏ వివరాలు ఇవ్వవచ్చో అతని సమ్మతితో రాయించండి. విడుదలైన వారంలోపే వైద్యుని వద్దకు తోడు వెళ్లండి. దారి తెలియకపోతే 14446 జాతీయ సహాయవాణికి ఫోన్ చేయండి.

మస్జిద్ కమిటీలు, మహిళా బృందాలు తోడుగా నిలవాలి, కూపీ లాగరాదు. ఆ చీటీ మన చేతికొచ్చిన అమానత్. దానిని భద్రంగా వైద్యునికి చేర్చే బాధ్యత మనది.