వైద్యుడు మంత్రియైన వేళ: డాక్టరు బి.సి. రాయ్



ఈ రజతోత్సవమున ఒక మహనీయుని గూర్చి ముచ్చటింపుడని కార్యదర్శిగారు కోరిరి. పశ్చిమ వంగరాష్ట్రమును పదునాలుగేండ్లు పాలించిన వైద్యుడు డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ గారిని నేను ఎన్నుకొంటిని.

ఆయన 1882 జులై 1వ తేదీన పాట్నాలో జన్మించిరి. కలకత్తాలో వైద్యవిద్య ముగించి, ప్రభుత్వోద్యోగమున చేరి, అవసరమైనచో నర్సుపని సైతము స్వయముగ చేసిరి. 1909లో పండ్రెండువందల రూపాయలతో లండను వెళ్లిరి. అచ్చటి సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రివారు ఆయన దరఖాస్తును ముప్పదిమార్లు త్రోసిపుచ్చిరట! మనలో ఎందరము మూడవమారు అడుగుదుము? ఆయన పట్టువిడువక చేరి, రెండేండ్ల మూడు మాసములలో వైద్యమునను శస్త్రచికిత్సయందును ఉన్నతపట్టములు రెండును పొంది 1911లో మరలివచ్చిరి.

1923లో బెంగాలు శాసనమండలి ఎన్నికలో సురేంద్రనాథ బెనర్జీ అంతటివానిని ఓడించిరి. 1925లోనే హుగ్లీనది కాలుష్యమును పరిశోధింపవలెనని సభలో తీర్మానము తెచ్చిరి. రోగికి మందిచ్చి పంపినను, అతడు మరల ఆ నీటినే త్రాగును గదా! వైద్యుడు శాసనసభకేల పోవలె ననువారికి ఇదియే సమాధానము.

మొదట ఇష్టము లేకున్నను, మహాత్ముని సలహాపై 1948 జనవరి 23న ముఖ్యమంత్రి పదవి స్వీకరించిరి. వారమునకే మహాత్ముడు హతుడయ్యెను. దేశవిభజనచే ఇల్లువాకిళ్లు కోల్పోయి తూర్పు బెంగాలునుండి లక్షలాదిజనము వచ్చుచుండిరి. సియాల్దా రైలుస్టేషనులోనే కాపురములు! వారికి కూడు, గూడు, పని చూపవలెను. యుద్ధకాలమున అమెరికను సేనలు విడిసిన చోట కల్యాణి పట్టణము వెలసెను. దుర్గాపురము ఉక్కునగర మయ్యెను. కలకత్తా బిడ్డలకు మంచిపాలు అందుటకై హరిణఘాటా పాడికేంద్రము ఏర్పడెను. వీనిలో ఈ పాలపని చిన్నదిగా తోచును గాని, నా దృష్టిలో వైద్యుని చేయి స్పష్టముగ కానవచ్చునది ఇదియే.

అయితే నిజము దాచరాదు. 1959లో తిండిగింజలు ప్రియమై, ఆగష్టు 31వ తేదీన పల్లెలనుండి వేలాది పేదలు అన్నమడుగుటకు కలకత్తా చేరిరి. పోలీసులు లాఠీలతో ఎదుర్కొనిరి, పలువురు మరణించిరి. ముఖము చూచియే రోగము పసిగట్టునని పేరొందిన వైద్యుని ప్రభుత్వము ఆకలిగొన్నవారిని అట్లు ఎదుర్కొనుట ఆయన అభిమానులకు సైతము సమర్థింప శక్యము కాదు. నేనును సమర్థింపను.

ముఖ్యమంత్రియై యుండియు ప్రతి ఉదయము పేదరోగులను ఉచితముగ పరీక్షించుట మాత్రము మానలేదు. 1961లో భారతరత్న బిరుదము లభించెను. ఎనుబదియేండ్లు నిండిన జన్మదినముననే, 1962 జులై 1న, కన్నుమూసిరి. తమ స్వగృహమును తల్లి అఘోరకామినీదేవి పేర వైద్యశాలకై అంతకుమునుపే ఇచ్చివేసి యుండిరి.