చివరి బల్ల
(పదవీ విరమణ సభలో సహోద్యోగుల పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మనము కూడుకొన్నది మా అన్నగారికి కృతజ్ఞత చెప్పుకోవడానికి. 1984లో ఇరవై రెండేళ్ళ యువకుడుగా మా ఆసుపత్రి కుష్ఠు నివారణ విభాగములో పారామెడికల్ వర్కరుగా చేరి, ఈ 2022లో అరవై ఏండ్లు నిండి విశ్రాంతి తీసుకొంటున్నారు. మొత్తము ముప్పది ఎనిమిది ఏండ్ల సేవ. సభలో తన పేరు ఎత్తవద్దని, తనను పొగడవద్దని ఆయన ముందే మమ్మును అడిగారు. పేరు విషయములో మాట ఇచ్చాము. పొగడ్త విషయములో ఇవ్వలేదు.

ఆయన పని ఏమిటో తెలియనివారి కోసము ముందు నాలుగు మాటలు. తెల్లవారుజామున సైకిలు మీద బయలుదేరి, పల్లెలలో ఇల్లిల్లూ తిరగడము. పిల్లల వీపులు, పెద్దల చేతులు పగటి వెలుగులో పరీక్షించడము. రంగు తగ్గిన మచ్చ కనబడితే, ఆ మనిషిని కండ్లు మూసుకోమని, దూదిపోచతో మెల్లగా తాకి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమనడము. మోచేతి వెనుక నరమును తడిమి, అది లావెక్కిందేమో చూడడము. చూడడానికి చిన్న పని. కాని సకాలములో మచ్చను గుర్తించి మందు ఇస్తే ఆ చేయి కూలికి, కుటుంబానికి పనికి వస్తుంది. ఆలస్యమైతే వ్రేళ్ళు వంకరపోతాయి. ఊళ్ళలో ఆయనను 'మచ్చల సారు' అని పిలిచేవారు. ఆ పేరును ఆయన ఎన్నడూ చిన్నతనముగా తలచలేదు.

ఈ పరిచర్యకు మన ప్రాంతములో గొప్ప చరిత్ర ఉన్నది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు 1915లో కుష్ఠు రోగుల కోసము ఆసుపత్రి నెలకొల్పారు. అందుకు ధనసహాయము చేసిన రాజా నర్సాగౌడ్ గారు హిందూ సోదరులు. ఆ కాలములో చాల్‌మూగ్రా నూనె సూదిమందే దిక్కు. 1940ల తరువాత డాప్సోన్ బిళ్ళలు వచ్చాయి గాని, వాటిని ఏండ్ల తరబడి మింగవలసి వచ్చేది. పోను పోను కొందరిలో రోగక్రిమి ఆ మందుకు లొంగడము మానివేసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులను కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. మా అన్నగారు ఉద్యోగములో చేరినది ఆ కొత్త మందు పల్లెలకు చేరుతున్న రోజులలోనే.

కొత్త మందు కొత్త భయాన్ని కూడ తెచ్చింది. నెలకొకసారి మన ఎదుట మింగించే రిఫాంపిసిన్ వలన మూత్రము ఎర్రబడుతుంది. క్లోఫాజిమిన్ వలన ఒళ్ళు నల్లబడుతుంది. నెత్తురు పోతున్నదని హడలిపోయి మందు అట్టలను చెరువులో పారవేసినవారు ఉన్నారు. అట్టివారి ఇంటికి అన్నగారు మరునాడే మళ్ళీ వెళ్ళేవారు. కోపపడేవారు కాదు. అరుగు మీద కూర్చుని, అది మందు రంగే గాని నెత్తురు కాదని నచ్చజెప్పి, వారు చెంబుతో ఇచ్చిన నీళ్ళు త్రాగి వచ్చేవారు.

మరి మేము? మేము మా సైకిళ్ళకు నీళ్ళ సీసాలు కట్టుకొని వెళ్ళేవారము. ఎవరైనా నీళ్ళు ఇవ్వబోతే దాహము లేదనేవారము. సైకిలుకు వ్రేలాడే సీసా వారికి కనబడుతూనే ఉండేది.

ఈ సభలో మేము ఒప్పుకోవలసినది ఇంకొకటి ఉన్నది. ఆ దినములలో మా గుడిలో రోగులు చివరి బల్లల మీద కూర్చునేవారు. అలా కూర్చోమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, వద్దని కూడ ఎవరూ చెప్పలేదు. ప్రభు భోజన సంస్కారమునకు వారు అందరి తరువాత వచ్చేవారు. అందరి పెదవులూ తాకిన గిన్నె చివరకు వారికి అందేది. అది న్యాయమేనని మేమందరము అనుకొన్నాము.

ఒక ఆదివారము అన్నగారు, వదినగారు తమ పిల్లలతో వెళ్ళి ఆ చివరి బల్ల మీద కూర్చున్నారు. సంస్కారపు వేళ రోగులందరినీ ముందుకు పోనిచ్చి, వారి వెనుక మోకరించి, అదే గిన్నెలో పాలు పుచ్చుకొన్నారు. మరుసటి సంస్కార ఆరాధనలోను అంతే. మాలో పెద్దవారు కొందరు ఆయనను పిలిచి మందలించాము కూడ. పిల్లలు గలవాడవు, కొంచెము ఆలోచించుకో అన్నాము. దానికి ఆయన ఇచ్చిన జవాబు మాకు నేటికీ చెవులలో ఉన్నది. "మందు మొదలుపెట్టినవారి వలన అంటు ఉండదని పల్లెపల్లెకూ తిరిగి చెప్పి వస్తున్నాము గదా అన్నా. బయట నిజమైన మాట మన గుడిలోకి రాగానే అబద్ధమవుతుందా?"

మాకు మారు మాట రాలేదు. మేమేమీ ఆ మరునాడే మారిపోలేదు. ఒక్కొక్క కుటుంబము ఆ బల్లల వైపు జరగడానికి ఏండ్లు పట్టింది. కాని ఆనాడు మొదలైనది ఆగలేదు.

వార్డులో కూడ ఆయన పద్ధతి అదే. స్పర్శ పోయిన పాదానికి ముల్లు గ్రుచ్చుకొన్నా తెలియదు. అందుచేత ప్రతిదినము కాళ్ళు నీళ్ళలో నానబెట్టి, నూనె రాసి, పుండ్లు ఉన్నవేమో చూసుకోవాలి. ఆ పని రోగులకు నేర్పేటప్పుడు ఆయన కూడ ఒక బేసినులో కాళ్ళు పెట్టుకొని వారి వరుసలో కూర్చునేవారు. చూడడానికి వచ్చినవారికి వారిలో ఉద్యోగి ఎవరో, రోగి ఎవరో తెలిసేది కాదు.

పదివేల జనాభాకు ఒక రోగి కన్న తక్కువ స్థాయికి 2005 డిసెంబరు నాటికి మన దేశము చేరింది. సంతోషించవలసిన సంగతే. అయితే రోగమే పోయిందని చాలమంది తలచారు. ఇల్లిల్లూ తిరిగే సిబ్బంది తగ్గిపోయారు. వాస్తవమేమంటే, ప్రపంచములో ఏటేటా కనబడే కొత్త రోగులలో సగానికి పైగా మన దేశములోనే ఉన్నారు. మందు ఉచితము. ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది. మచ్చను గుర్తించే కన్ను మాత్రము కరవవుతున్నది. ఈ దినము మా విభాగములో నుండి అట్టి కన్ను ఒకటి సెలవు తీసుకొంటున్నది. మా దిగులు అదే.

2020లో కరోనా వచ్చినప్పుడు మనమందరము ఒకరికొకరము ఎడముగా నిలబడ్డాము, ఒకరి గిన్నె ఒకరము ముట్టలేదు. కొన్ని నెలలకే మన ప్రాణము విసిగిపోయింది. ఆ ఎడమును జీవితమంతా భరించినవారు మన చివరి బల్లల మీద ఉండేవారని అప్పుడు మాకు బాగుగా తెలిసివచ్చింది.

సువార్తలో పదిమంది కుష్ఠరోగులు స్వస్థత పొందిన కథ మీ అందరికీ తెలుసు. తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే. ఇన్నాళ్ళూ ఆ కథ రోగులను గూర్చినదని అనుకొన్నాము. అన్నగారితో పనిచేసిన తరువాత, మిగిలిన ఆ తొమ్మిదిమంది మేమేనని గ్రహించాము. ఆయన వలన మాకు నయమైన జబ్బు భయము. దానికి ఇంతవరకు మేము ఆయనకు వందనములు చెప్పలేదు. ఆలస్యముగానైనా ఈ సాయంకాలము తిరిగి వచ్చాము.

వదినగారికి కూడ మా వందనములు. ఆ ఆదివారము ఆమె లేచి వెంట నడవకపోతే అన్నగారు ఒక్కరే ఆ బల్ల మీద కూర్చోవలసి వచ్చేది.

అన్నగారూ, మా పక్షాన ఈ శాలువాను, ఈ చేతిగడియారమును స్వీకరించండి. ముప్పది ఎనిమిదేండ్లు గడియారము చూడకుండ పని చేసిన మనిషికి గడియారము ఇస్తున్నామని మాలో మేము నవ్వుకొన్నాము. ఇకనైనా వేళకు భోజనము చేయండి. నెలకొక దినము వచ్చి, మా పిల్ల ఉద్యోగులకు మోచేతి నరమును ఎలా తడమాలో నేర్పండి. మా సైకిళ్ళు మోటారు బండ్లు అయినవి. వాటికి నీళ్ళ సీసాలు కట్టడము మానివేశామని మాత్రము మీకు ధైర్యముగా చెప్పగలము.

దేవుడు మీకు, మీ కుటుంబమునకు ఆయురారోగ్యములు దయచేయును గాక. ఆమేన్.