తోకచుక్క మళ్ళీ చదివాక

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసల్లో బుద్ధిగా కూర్చున్న పిల్లలకు, వెనక వరుసల్లో ఇప్పటికీ కబుర్లు ఆపని నా బ్యాచ్ మిత్రులకు కూడా నమస్కారం.

బడి జ్ఞాపకాల మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. నేను ఒక పుస్తకం గురించి మాట్లాడతాను. ఆ పుస్తకం నాది కాదు. 1975లో ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చున్న మిత్రుడి దగ్గర రెండు రోజుల్లో ఇస్తానని తీసుకున్నాను. ఇవ్వలేదు. ఇదిగో, ఈ సంచిలో ఉంది.

నిజానికి ఇది అచ్చయిన పుస్తకం కూడా కాదు. వాడి మేనమామ కాజీపేటలో రైల్వే పని చేసేవాడు. పాత చందమామల్లోంచి ఒకే సీరియల్ పేజీలు విప్పి, వరసగా పెట్టి, సూదీ దారంతో కుట్టి, పైన గోధుమరంగు అట్ట వేశాడు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఇలాంటి బైండులు ఉండేవి. సీరియల్ పేరు తోకచుక్క.

1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామలో 1954 జనవరి నుంచి తోకచుక్క వచ్చింది. బొమ్మలు చిత్రా గారివి. రచయిత పేరు మాత్రం వేసేవారు కాదు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని, ఆ తర్వాత వచ్చిన కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, మాయా సరోవరం లాంటివి కలిపి మొత్తం 12 సీరియళ్ళూ ఆయనవేనని మాబోటి వాళ్ళకు పెద్దయ్యాక గాని తెలియలేదు. తోకచుక్క మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు 21 ఏళ్ళు. 2010లో వెళ్ళిపోయారు. మనల్ని అన్నం మానేసి చదివేలా చేసిన మనిషి పేరు మనం ఒక్కసారైనా అడగలేదు.

కిందటేడు ఇల్లు సున్నం వేయిస్తుంటే అటక మీది ట్రంకుపెట్టెలో ఈ బైండు దొరికింది. దుమ్ము దులిపి, అక్కడే మెట్ల మీద కూర్చొని మొదలుపెట్టాను. మా ఆవిడ రెండుసార్లు భోజనానికి పిలిచింది. మూడోసారి వచ్చి చూసి, "అరవై దాటిన మనిషివి, చందమామనా?" అని నవ్వి వెళ్ళింది.

చిన్నప్పుడు నాకు గుర్తున్నవి నాలుగే: కాలభుజంగం, కంకాళం, నరవానరం, గుడ్లగూబ. మొదటి రెండూ ఏకాక్షి మాంత్రికుడివి, తర్వాతి రెండూ చతుర్నేత్రుడివి. రాత్రి బహిర్దేశానికి వెళ్ళాలంటే కంకాళం గుర్తొచ్చి మా అమ్మను లేపేవాణ్ణి. చతుర్నేత్రుడు మంచివాడా, ఏకాక్షి మంచివాడా అని మా ఇద్దరికీ తగువు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూర్చొని గూడ్సు బండి పోయేదాకా వాదించుకునేవాళ్ళం.

ఇప్పుడు చదివితే ఆ తగువుకు అర్థమే లేదనిపించింది. ఇద్దరి చూపూ ధనం మీదే. ఒకడు ఆదుకున్నా, ఇంకొకడు తరిమినా లెక్క అదే. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాక ఇలాంటి చతుర్నేత్రులను గుర్తుపట్టడం కష్టం కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను ఏటూరునాగారం వైపు కోయ పిల్లలకు పాఠాలు చెప్పాను. అడవి మనుషులనగానే క్రూరులన్నట్టు చూపే తీరు ఆనాటి సాహస కథల్లో మామూలు. చిన్నప్పుడు మనకది తప్పనిపించలేదు. ఇప్పుడు ఆ పేజీలు నా పాత విద్యార్థుల ముందు పెట్టి చదవలేను. ఇష్టమైన పుస్తకంలో కూడా ఇలాంటివి ఉంటాయి, ఉన్నాయని చెప్పాలి.

కానీ నన్ను నిజంగా ఆపింది వేరే సంగతి. కుండలినీ ద్వీపం నుంచి సేనాని సమరసేనుడు ధనం కోసం నౌకలెక్కి బయలుదేరతాడు. వెంట సైనికులు. చిన్నప్పుడు నేను సమరసేనుడి కత్తినే చూశాను. ఆ సైనికులకు పేర్లు లేవు, నేనూ అడగలేదు. వాళ్ళకు ఇళ్ళున్నాయి, ఎదురుచూసే తల్లులున్నారన్న ఆలోచనే రాలేదు. అరవై దాటాక ప్రతి పేజీలో వాళ్ళనే లెక్కపెట్టుకుంటూ పోయాను.

అప్పుడే మా మిత్రుడు గుర్తొచ్చాడు. తొమ్మిదో తరగతి సగంలో వాళ్ళ నాయనతో కలిసి భీవండికి, మనం భీమండి అంటాం కదా, మరమగ్గాల పనికి వెళ్ళిపోయాడు. మాస్టారు హాజరు పిలుస్తుంటే నాలుగు రోజులు వాడి పేరు దగ్గర ఆగారు, అయిదో రోజు గీత కొట్టేశారు. వాడి పుస్తకం నా దగ్గరుందని నాకు తెలుసు. చిరునామా కనుక్కోవడం కూడా కష్టం కాదు, వాళ్ళ పెద్దమ్మ మా వాడకట్టులోనే ఉండేది. సిగ్గుపడో, బద్ధకించో, పుస్తకం మీద ఆశతోనో ఊరుకున్నాను. నేను చదువుకొని పంతులునయ్యాను. వాడు నలభై ఏళ్ళకు పైగా మగ్గం మోత మధ్య నిలబడ్డాడు.

మన సంఘం వాట్సాప్ గ్రూపు పుణ్యమా అని మొన్న సంక్రాంతికి వాడి నంబరు దొరికింది. ఫోన్ చేసి, తడబడుతూ పుస్తకం సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"అదుందారా నీ దగ్గర? నువ్వు తీస్కపోయినప్పుడు నేనింకా ఆఖరు సదవలే. ఆఖరుకు సమరసేనుడు ఇంటికొచ్చిండా?"

నాకు గొంతు పెగల్లేదు. యాభై ఏళ్ళు వాడి కథ ముగింపు నా అటక మీద పడి ఉంది. ఒక్క మాటలో జవాబు చెప్పెయ్యవచ్చు. చెప్పలేదు. "నేను జెప్పరా. సభకు రా, నీ పుస్తకం నీకిస్త, నువ్వే సదువుకో" అన్నాను.

వచ్చాడు. మూడో వరసలో, తెల్ల చొక్కా. లేవమంటే లేవడు, వాడికి మొహమాటం. అందుకే పేరు చెప్పడం లేదు. ప్రసంగం అయ్యాక నేనే కిందికి దిగి ఇస్తాను. కుట్టు వదులైన చోట మళ్ళీ కుట్టించాను. పేజీలు ఒక్కటీ పోలేదు, లెక్కపెట్టాను. అక్షరాలు కనపడకపోతే ఈ మధ్య పుస్తకంగా వచ్చిన ప్రతి ఒకటి కొన్నాను, అది కూడా వాడికే.

పిల్లలూ, ముగింపు మీకూ చెప్పను. మీ లైబ్రరీకి తోకచుక్క మరో ప్రతి ఇస్తున్నాను, చదవండి. ఎవరిదైనా పుస్తకం తీసుకుంటే మాత్రం రెండు రోజులంటే రెండు రోజుల్లో ఇవ్వండి.

ఇక పూర్వ విద్యార్థులకు ఒక మాట. యాభై ఏళ్ళ పండగకు వచ్చిన వాళ్ళను లెక్కపెట్టుకున్నాం, ఫొటోలు దిగాం. రాలేని వాళ్ళను, మధ్యలో బడి మానేసి సూరత్‌కో షోలాపూర్‌కో వెళ్ళిన వాళ్ళను కూడా మన జాబితాలో రాసుకుందాం. పదో తరగతి పాసైన వాళ్ళే పూర్వ విద్యార్థులు కారు. ఈ బెంచీల మీద ఒక్క ఏడు కూర్చున్న వాడూ మనవాడే.

సెలవు. నేను మూడో వరసకు వెళ్ళాలి.