ఆటకు జీతం: మిథాలీ రాజ్ నడిచిన దారి



ఈ ఉపన్యాసం ఎవరి పేర జరుగుతోందో ఆ డ్రిల్లు మాస్టారికి ఏటా ఎదురైన ప్రశ్న ఒకటే: ‘ఆడి ఏం తింటుందండీ మా పిల్ల?’ మిరపకోతల కూలి లెక్కలు తెలిసిన ఇళ్లలో అది న్యాయమైన ప్రశ్న. ఒక క్రీడాకారిణి జీవితంలో దానికి జవాబు వెతుకుదాం.

1978 మహిళల క్రికెట్ ప్రపంచ కప్పు ఎవరిదో తేలింది మన హైదరాబాదులోనే. ఇంగ్లండును ఓడించి ఆస్ట్రేలియా గెలిచింది. 1995లో భారత జట్టుకు కెప్టెన్ సికింద్రాబాదు అమ్మాయి పూర్ణిమా రావు. అంటే ఆట ఉంది, ఆడేవాళ్లూ ఉన్నారు. లేనిది రాబడి.

మిథాలీ రాజ్ 1982 డిసెంబరు 3న జోధ్‌పూర్‌లో తమిళ కుటుంబంలో పుట్టారు. పెరిగింది సికింద్రాబాదులో. భరతనాట్యం నేర్చుకుంటున్న ఆ పిల్లకు పొద్దెక్కేదాకా నిద్ర. ఆ బద్ధకం వదిలిద్దామని తండ్రి దొరైరాజ్ అన్నతో పాటు క్రికెట్ శిబిరానికి పంపారు. అక్కడ కోచ్ జ్యోతిప్రసాద్ కంట పడ్డారు, మరో కోచ్ సంపత్ కుమార్ చేతిలో రాటుదేలారు.

1999 జూన్ 26. ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్. ఎదుట ఐర్లండ్. పదహారేళ్ల మిథాలీకి అదే తొలి అంతర్జాతీయ వన్డే. రేష్మా గాంధీకీ అదే మొదటిది. ఇద్దరూ ఓపెనర్లుగా దిగి చివరి బంతిదాకా అవుట్ కాలేదు. మిథాలీ 114, రేష్మా 104, జట్టు స్కోరు వికెట్ పోకుండా 258. మూడేళ్ల తర్వాత టాంటన్ టెస్టులో మిథాలీ 214 కొట్టారు. మహిళల టెస్టుల్లో అప్పటికి అదే ప్రపంచ రికార్డు.

అంతటి బ్యాటరుకు ఇల్లు గడిచిందెలా? మొదట ఎయిర్ ఇండియాకు, ఆ తర్వాత రైల్వేస్‌కు ఆడారు. దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగం ఇచ్చింది. ఆటగాళ్లను కోటాలో తీసుకోవడం, టోర్నమెంటు రోజుల్లో సెలవివ్వడం రైల్వేలో పాత పద్ధతి. ఫామ్ పోయినా ఒకటో తారీఖు జీతం ఆగదు. 2005 ప్రపంచ కప్పులో ఆమె కెప్టెన్సీలో జట్టు ఫైనల్ చేరినప్పుడు మ్యాచ్‌కు తమకు ముట్టింది వెయ్యి రూపాయలేనని ఆమే తర్వాత చెప్పారు. ఆ లెక్కన ఆమెను మైదానంలో నిలబెట్టింది ఆట కాదు, ఉద్యోగం. బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే వరస. ఆస్ట్రేలియా క్లబ్బు రింగ్‌వుడ్ హాక్స్‌కు ఆడి వచ్చిన కేరళ అమ్మాయి గీతు అన్నా జోస్ కూడా దక్షిణ రైల్వే ఉద్యోగినే.

2006లో మహిళల క్రికెట్ బీసీసీఐ కిందికి వచ్చింది. అయినా క్రీడాకారిణులకు వార్షిక కాంట్రాక్టులు 2015 దాకా రాలేదు. 2017లో లార్డ్స్ ఫైనల్లో తొమ్మిది పరుగుల తేడాతో ప్రపంచ కప్పు పోయింది, కానీ దేశమంతా టీవీల ముందు కూర్చుంది. 2022 అక్టోబరులో పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించారు: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3. వన్డేల్లో 7,805 పరుగులు చేసిన మిథాలీ అప్పటికి నాలుగు నెలల కిందటే, జూన్‌లో, ఆట మానేశారు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ వేలం జరిగినప్పుడు ఆదోని అమ్మాయి అంజలి శర్వాణిని యూపీ వారియర్స్ 55 లక్షలకు తీసుకుంది. మిథాలీ ఆ లీగులో ఉన్నారు గాని గుజరాత్ జట్టుకు మెంటార్‌గా. దున్నింది ఒకరు, కోసుకున్నది తర్వాతి వాళ్లు. 2025లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా శ్రీచరణి ఉంది.

అయితే వేలంపాటలో పేరు పలికేది కొందరిదే. కబడ్డీ, ఖోఖో, బాస్కెట్‌బాల్ ఆడే మన పల్నాటి పిల్లలకు ఇప్పటికీ ఆధారం స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే. పదో తరగతి నుంచి ఆ ఉద్యోగం దాకా ఉన్న ఏడెనిమిదేళ్లలోనే ఎక్కువమంది ఆట వదిలేస్తారు. బూట్లకు, బస్సు ఛార్జీకి, గుడ్లకు, పాలకు డబ్బు చాలదు. సెలక్షన్ గుంటూరులో అంటే ఇంట్లో ఒకరి రోజు కూలి పోయినట్టే.

అందుకే నిర్వాహకులకు ఒక మనవి. మాస్టారి పేర ఉన్న ఈ స్మారక నిధితో ఇక షీల్డులు కొనకండి. ఆ డబ్బు నెలనెలా ఇద్దరు ఆడపిల్లల దారిఖర్చులకు ఇవ్వండి. మాస్టారిని అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఇప్పుడు మనం.